మోటారు లేని చీపురు

సంచికకి కవితో కథో పంపకుండా స్విమ్మింగ్ పూల్ తుడిచే యంత్రం గురించి రాశాడేంటి అని మీరు అడిగేలోపే చెప్పేస్తాను. సెకండియర్లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివి, ఎలాగోలా పాసై, ఆ పుస్తకాన్ని జూనియర్‌కి సగం ధరకి అమ్మేసినవాళ్ళం మనలో చాలామందిమి. ఆ పుస్తకంలోని సగం పాఠాలు ఒకే చోట, ఒకే మధ్యాహ్నం కళ్ళ ముందు తిరిగే వస్తువు ఒకటుంది. అది ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా సెట్ చేయాలో రాస్తున్నాను. సివిల్, మెకానికల్ వాళ్ళకి బాగానే అందుతుంది. ఈసీఈ వాళ్ళు నీళ్ళు అన్నచోట కరెంటు అనుకుని చదువుకోండి, పెద్ద తేడా రాదు.

దాని పేరు ఆటోమేటిక్ సక్షన్ పూల్ క్లీనర్. పళ్ళెం కంటే కాస్త పెద్దదైన రబ్బరు చక్రం, దాని మీద ఒక ప్లాస్టిక్ తల, ఆ తలకి పొడవాటి గొట్టం, అంతే. కరెంటు వైరు లేదు. బ్యాటరీ లేదు. మోటారు లేదు. అయినా పూల్ అడుగున తనంతట తాను తిరుగుతుంది, గోడ ఎక్కుతుంది, దిగుతుంది, దారిలో ఉన్న మట్టీ ఆకులూ మింగుతుంది. ఈ రకంలో బాగా పేరుపడ్డ 'క్రీపీ క్రాలీ' అనే యంత్రాన్ని 1974లో దక్షిణాఫ్రికాలోని స్ప్రింగ్స్ పట్టణంలో ఫెర్డినాండ్ షోవియే అనే హైడ్రాలిక్స్ ఇంజనీరు తయారుచేశాడు. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో కూడా ఈ రకం యంత్రాలు కనబడుతున్నాయి.

మరి దాన్ని నడిపేదెవరు? పంపు రూములో ఉన్న పంపు. పూల్ నీటిని ఎలాగూ ఆ పంపు లాగి, ఫిల్టర్ గుండా పంపి, మళ్ళీ పూల్‌లోకి తోస్తుంది. ఆ లాగే వైపు గొట్టానికి ఈ తలని తగిలిస్తాం. మా మామ ఒక్క ముక్కలో చెప్తాడు: "మిషిన్ల ఏం లేదురా, అంతా నీళ్ళ గుంజుడే."

కానీ గుంజితే నీళ్ళు పోతాయి సరే, తల ఎందుకు కదలాలి? ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒక రకంలో నీటి దారిలో చిన్న టర్బైన్ ఉంటుంది. పోయే నీళ్ళు దాన్ని తిప్పుతాయి, అది గేర్ల ద్వారా చక్రాలనో కాళ్ళనో కదుపుతుంది. ఇందులో వింతేం లేదు, హైడల్ పవర్ స్టేషన్‌కి చిన్న తమ్ముడు. రెండో రకం నాకు ఎక్కువ నచ్చింది. దాని గొంతులో ఒక రబ్బరు డయాఫ్రమ్ గానీ, అటూ ఇటూ కొట్టుకునే ఒక రెక్క గానీ ఉంటుంది. నీళ్ళు వేగంగా పోతున్నప్పుడు అది మూసుకుంటుంది, వెంటనే తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. టక టక టకమని చప్పుడు కూడా వస్తుంది. లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లున్న 10 మీటర్ల గొట్టంలో సుమారు 11 కిలోల నీళ్ళుంటాయి. గంటకి 7 ఘనపు మీటర్లు పోతుంటే ఆ నీటి వేగం సెకనుకి 1.7 మీటర్లు. 11 కిలోల బరువు ఆ వేగంతో పోతుంటే దాని దారికి మాటిమాటికీ అడ్డుపడితే ఏమవుతుంది? కుదుపు వస్తుంది. వాటర్ హ్యామర్ అని పరీక్షలో అయిదు మార్కులకి రాశాం కదా, దాని చిన్న రూపమే ఇది. ఒక్కో కుదుపుకి తల ఒక్కో అంగుళం ముందుకి గెంతుతుంది. పైపులు పగలగొట్టే శత్రువుగా మనం చదివిన విషయంతో ఇక్కడ బండి నడుపుతున్నారు.

ఇక దారి సంగతి. ఈ యంత్రానికి పూల్ మ్యాప్ తెలీదు. గుడ్డిగా తిరుగుతుంది. గుడ్డిగా తిరగడమే దాని బలం కూడా. ఒక లెక్క చూడండి. మా మామ చూసుకునే ఒక పూల్ 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, అంటే అడుగు 50 చదరపు మీటర్లు. క్లీనర్ ఒక పోకలో నిజంగా తుడిచే వెడల్పు 25 సెంటీమీటర్లు అనుకుందాం, నిమిషానికి 2.7 మీటర్లు నడుస్తుంది అనుకుందాం. తుడిచిన చోటుకి మళ్ళీ రాకుండా ముగ్గు వేసినట్టు వరసగా పోతే 74 నిమిషాల్లో అయిపోవాలి. కానీ ఇది గుడ్డిది కాబట్టి తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తుంది. పూర్తిగా ర్యాండమ్‌గా తిరిగితే 74 నిమిషాలకి 63 శాతం, దానికి రెట్టింపు సమయానికి 86 శాతం, మూడు రెట్లకి 95 శాతం పూర్తవుతుంది. కెపాసిటర్ ఛార్జింగ్ గ్రాఫ్ గుర్తొచ్చిందా? అదే గ్రాఫ్. మూడు రెట్లంటే 3 గంటల 40 నిమిషాలు. మాన్యువల్‌లో రోజుకి కొన్ని గంటలు నడపమని ఎందుకు రాస్తారో నాకు ఈ లెక్క వేశాకే అర్థమైంది.

అయితే ఈ లెక్క 'పూర్తిగా ర్యాండమ్‌గా' అన్న మాట మీద నిలబడింది. ఏ కారణంతోనైనా యంత్రానికి ఒక మూల మీద మొగ్గు ఏర్పడితే లెక్కంతా కూలిపోతుంది, ఎన్ని గంటలు నడిపినా ఆ మూలే తళతళలాడుతుంది. అందుకే సక్షన్ క్లీనర్‌ని సెట్ చేయడమంటే నా దృష్టిలో రెండే పనులు. చాలినంత నీరు ఇవ్వడం, మొగ్గు తీసేయడం. కింద చెప్పే ప్రతి స్టెప్పూ ఈ రెండిట్లో ఒకదాని కోసమే.

మా మామ శంకర్‌పల్లి వైపు అయిదు ఫామ్‌హౌస్‌ల పూల్స్ నిర్వహణ చూస్తాడు. తోడు ఒక కుర్రాడు, నా కంటే రెండేళ్ళు చిన్న. క్లీనర్ లేకపోతే పొడవాటి రాడ్డుకి వాక్యూమ్ హెడ్ తగిలించి గట్టు మీద నిలబడి చేత్తో తుడవాలి, ఒక్కో పూల్‌కి గంటన్నర. మామకి మోకాళ్ళ నొప్పి. ఒక ఓనరు గారు క్లీనర్ కొన్నారు గానీ అది పెట్టిన రోజు నుంచీ లోతు వైపు ఎడమ మూలలో కూర్చుని టకటకలాడుతూ ఉండిపోయింది. శుక్రవారం సాయంత్రం వీకెండ్ బుకింగ్ ఉంది. ఈలోపు అది నడవకపోతే యంత్రం వాపసు ఇచ్చేస్తాను, కాంట్రాక్టు సంగతి కూడా ఆలోచించుకుంటాను అని ఆయన మామకి ఫోన్ చేశారు. నాకు సెలవులు. బుధవారం పొద్దున మామతో వెళ్ళాను.

వెళ్ళగానే నేను నీళ్ళలో ఉన్న తల వైపు నడిచాను, మామ పంపు రూము వైపు నడిచాడు. ఆయనే కరెక్టు. క్లీనర్ మందంగా ఉందంటే ముందు అనుమానించాల్సింది క్లీనర్‌ని కాదు. పంపు ముందుండే బుట్ట ఆకులతో నిండితే నీరు తగ్గుతుంది. సాండ్ ఫిల్టర్ మట్టితో బిగుసుకుంటే ఇంకా తగ్గుతుంది. ఫిల్టర్ మీద ప్రెషర్ గేజ్ ఉంటుంది కదా, శుభ్రంగా ఉన్నప్పటి అంకె కంటే అరబార్ పైకి, అంటే ఏడెనిమిది పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తే బ్యాక్‌వాష్ చేయాలి. పంపు ఆపి, మల్టీపోర్ట్ వాల్వ్ హ్యాండిల్‌ని బ్యాక్‌వాష్‌కి తిప్పి, గాజు గొట్టంలో నీళ్ళు తేటపడేదాకా రెండు మూడు నిమిషాలు నడిపి, మళ్ళీ పంపు ఆపి రిన్స్‌కి తిప్పి అర నిమిషం. పంపు నడుస్తుండగా ఆ హ్యాండిల్ తిప్పితే లోపలి రబ్బరు గ్యాస్కెట్ పోతుంది. నిర్మాణాలు జరుగుతున్న ప్రాంతం, గాలికి వచ్చే సన్నటి సిమెంటు దుమ్ము ఎక్కువ. మేం చేసినప్పుడు కాఫీ రంగు నీళ్ళు వచ్చాయి.

తర్వాత గాలి. పూల్‌లోకి నీళ్ళు తిరిగొచ్చే ఇన్‌లెట్లలోంచి బుడగలు వస్తున్నాయంటే లాగే వైపు ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. పూల్ మట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా ఉండాలి, తగ్గితే అక్కడే పీలుస్తుంది. మట్టం సరిగ్గా ఉన్నా బుడగలు వస్తే పంపు బుట్ట మూత కింద ఓ-రింగ్ చూడాలి. షేవింగ్ నురుగు ఆ అంచు చుట్టూ రాస్తే లీకున్నచోట నురుగు లోపలికి గుంజుకుపోతుంది. మామకి ఈ ఉపాయం ఎవరు చెప్పారో గానీ ఆయన సంచీలో ఎప్పుడూ ఒక పాత నురుగు డబ్బా ఉంటుంది, ఆయనకేమో గడ్డం. మా పూల్‌లో ఓ-రింగ్ ఎండిపోయి ఉంది. సిలికాన్ గ్రీజు రాస్తే బుడగలు ఆగాయి. పెట్రోలియం గ్రీజు రాయకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇప్పుడు గొట్టం. ఇది మీటరు మీటరు ముక్కలుగా వస్తుంది, ఒకదానిలో ఒకటి దూర్చుకోవాలి. ఎన్ని ముక్కలు కావాలి? గొట్టం తగిలించే చోటు నుంచి పూల్‌లో అన్నిటికన్నా దూరపు మూల దాకా కొలిచి, ఇంకో ముక్క కలపాలి. అంతే. ఎక్కువుంటే మంచిదేగా అనిపిస్తుంది, కాదు. డార్సీ-వైస్‌బాక్ సూత్రం వేసి చూడండి. ముడతల గొట్టానికి ఘర్షణ గుణకం 0.04 అనుకుంటే 10 మీటర్లకి సుమారు 1.6 మీటర్ల హెడ్ పోతుంది. 14 మీటర్లుంటే 2.2 మీటర్లు. అది ఒక నష్టం. రెండోది, మిగిలిన గొట్టం నీటి మీద చుట్ట తిరిగి తలని వెనక్కి లాగుతుంది, అంటే మొగ్గు. ఇక్కడ పెట్టినవాళ్ళు పెట్టెలో వచ్చిన ముక్కలన్నీ కలిపేశారు. కొలిచి మూడు ముక్కలు తీసేశాం.

గొట్టానికి జ్ఞాపకశక్తి ఉంటుంది, ఇది నిజంగా చూడాల్సిన విషయం. చుట్టగా చుట్టి పెడితే ఆ వంపు ప్లాస్టిక్‌లో ఉండిపోతుంది. నీళ్ళలో పరిచినా అది మళ్ళీ చుట్ట తిరగాలని చూస్తుంది, తలని గుండ్రంగా తిప్పుతుంది. పాలిమర్ క్రీప్ అని మెటీరియల్ సైన్స్‌లో చదివింది ఇదే. ఈ గొట్టాన్ని పంపు రూములో మేకుకి చుట్ట చుట్టి వేలాడదీసేవాళ్ళు. ముక్కలన్నీ విడదీసి ఎండలో గట్టు మీద నిటారుగా పరిచి, రెండు చివర్లా ఇటుకలు పెట్టి రెండు గంటలు వదిలేశాం. శంకర్‌పల్లి మే నెల ఎండకి అది మెత్తబడి చాలావరకు తిన్నగా అయ్యింది.

కలిపాక గొట్టంలో గాలి తీయాలి. తల తగిలించిన వైపు నీళ్ళలో ముంచి అడుగుకి చేరనిచ్చి, రెండో చివరని నీళ్ళు తోసే ఇన్‌లెట్‌కి ఎదురుగా పట్టుకుంటే గొట్టం నిండా నీళ్ళు పోయి తల దగ్గర బుడగలు వస్తాయి. బుడగలు ఆగిపోయాక ఆ చివరని నీటి మీదికి రానీయకుండా తెచ్చి పంపు ఆపి ఉన్నప్పుడే వాక్యూమ్ పాయింట్‌కి తగిలించాలి. ఈ పని దాటేస్తే ఆ గాలంతా పంపులోకి పోయి ప్రైమ్ పోతుంది, పంపు ఉత్తినే అరుస్తుంది.

ఆ వాక్యూమ్ పాయింట్ దగ్గరే మా పని ఆగిపోయింది. నీటి మట్టానికి ఒక అడుగు కింద గోడలో ఉండే రంధ్రం అది. దానికి స్ప్రింగుతో తనంతట తాను మూసుకునే మూత ఉండాలి. ఇక్కడ లేదు. గొట్టం తీసేస్తే ఖాళీ రంధ్రం, దాని వెనక నడుస్తున్న పంపు. మామ ముఖం మారిపోయింది. మూత వచ్చేదాకా క్లీనర్ పెట్టనని ఓనరు గారికి ఫోన్ చేసి చెప్పాడు. అటువైపు మాటలు నాకు వినబడలేదు గానీ మామ మాత్రం "పిల్లలొస్తరు సార్" అన్న ముక్కనే మూడుసార్లు అన్నాడు. కాంట్రాక్టు పోయే మాట గాలిలో ఉండగా అలా చెప్పడం చిన్న విషయం కాదు.

ఎందుకంత పట్టుదలో లెక్కలో చూడండి. పూల్ అడుగున 20 సెంటీమీటర్ల వ్యాసమున్న మెయిన్ డ్రెయిన్‌ని ఒక శరీరం పూర్తిగా మూసేసిందనుకుందాం. పంపు అక్కడ 30 కిలోపాస్కల్‌ల సక్షన్ పుట్టించినా, వైశాల్యంతో గుణిస్తే 940 న్యూటన్లు. దాదాపు 96 కిలోల బరువు మీద కూర్చున్నట్టు. నీళ్ళలో పట్టు దొరకని పిల్లల్ని పెద్దవాళ్ళు లాగినా రారు. చిన్న రంధ్రమైతే మొత్తం బలం తక్కువే, కానీ జుట్టూ చేతివేళ్ళూ ఇరుక్కోవడానికి అది చాలు. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే 7 ఏళ్ళ పాప స్పా తొట్టిలోని డ్రెయిన్ సక్షన్‌కి అతుక్కుపోయి చనిపోయింది. ఆ పాప అక్కడి మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. తల్లి చేసిన పోరాటంతో 2007లో ఆ పాప పేరుతోనే ఫెడరల్ చట్టం వచ్చింది, అక్కడి పబ్లిక్ పూల్స్‌లో డ్రెయిన్‌లకి ప్రమాదం లేని మూతలు తప్పనిసరి అయ్యాయి. మన దగ్గర వీకెండ్‌కి అద్దెకిచ్చే పూల్‌కి వెళ్ళినప్పుడు మీరు నీళ్ళలో దిగేముందు చూడాల్సినవి ఇవే. అడుగున డ్రెయిన్ జాలీ విరగకుండా, స్క్రూలతో బిగించి ఉందా, గోడలో ఎక్కడైనా మూత లేని రంధ్రం ఉందా. ఉంటే దిగొద్దు, పంపు ఆపించండి. క్లీనర్ నీళ్ళలో ఉండగా ఎవరూ దిగకూడదన్నది కూడా ఇందుకే.

మామ ఆ లైను వాల్వు మూసేసి, హ్యాండిల్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కుర్రాడు బండి మీద సిటీకి వెళ్ళి సాయంత్రానికి మూత తెచ్చాడు. గురువారం పొద్దున మళ్ళీ మొదలుపెట్టాం.

ఇప్పుడు అసలు ఘట్టం, నీటి పంపకం. పంపుకి నీళ్ళు మూడు దారుల్లో వస్తాయి: స్కిమ్మర్, మెయిన్ డ్రెయిన్, వాక్యూమ్ పాయింట్. మూడూ ప్యారలల్‌గా ఉన్న రెసిస్టర్ల లాంటివి. తేడా ఏంటంటే ఇక్కడ నష్టం ప్రవాహం వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి ఓమ్ సూత్రంలా గీత తిన్నగా రాదు. ఒక దారి బిగిస్తే మిగతా దారుల్లో గుంజుడు పెరుగుతుంది. పూల్‌లో నీళ్ళు సుమారు 70,000 లీటర్లు. 6 గంటలకోసారి మొత్తం ఫిల్టర్ అవ్వాలంటే గంటకి 11.7 ఘనపు మీటర్లు. అందులో 7 క్లీనర్‌కి ఇస్తే మిగిలినవి ఆ రెండు దారుల్లోంచి రావాలి.

స్కిమ్మర్ వాల్వుని పావు వంతు తెరిచి అలాగే ఉంచి, డ్రెయిన్ వాల్వు ఒక్కదాన్నే మారుస్తూ పోయాం. ఒకేసారి రెండు మారిస్తే ఏది దేనివల్లో తెలీదు. వేగం కొలవడానికి పరికరమేమీ లేదు, పూల్ అడుగున మొజాయిక్ షీట్ల గీతలు అడుగుకొకటి కనబడతాయి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది. డ్రెయిన్ పూర్తిగా తెరిచి ఉంటే క్లీనర్ నిమిషానికి 3 అడుగులు, అదీ ఈడ్చుకుంటూ. సగం మూస్తే 6. ముప్పావు మూస్తే 9, గోడ సగం దాకా ఎక్కి దిగుతోంది. పూర్తిగా మూసేస్తే 13 అడుగులు, చూడ్డానికి హుషారుగా ఉంది, కుర్రాడు చప్పట్లు కొట్టాడు కూడా. కానీ గోడ ఎక్కి నీటి పైకి మూతి పెట్టి గుర్రుమని గాలి పీల్చింది. పంపు లోపల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. అది క్యావిటేషన్. లాగే వైపు ఒత్తిడి మరీ పడిపోతే నీళ్ళు అక్కడే ఆవిరి బుడగలై, ఇంపెల్లర్ దగ్గర పగిలి లోహాన్ని కొరుకుతాయి. పైగా వేగంగా పోయే తల మట్టిని సరిగ్గా ఎత్తదు, లేపి వదిలేస్తుంది. 9 అడుగుల దగ్గరే ఆపాం. అంతకుముందు వేసిన లెక్కలో 2.7 మీటర్లన్నది అదే. ఇవి మా పంపు, మా గొట్టం అంకెలు. మీ మోడల్‌కి మాన్యువల్‌లో ఇచ్చిన అంకె వేరే ఉండొచ్చు. కొన్నిటితోపాటు చిన్న ఫ్లో గేజ్ కూడా వస్తుంది, ఉంటే అదే వాడండి. స్ప్రింగున్న రెగ్యులేటర్ వాల్వు వస్తే దాన్ని తప్పక పెట్టండి. తల దగ్గర ఏదైనా అడ్డుపడినప్పుడు అది పక్కనుంచి పూల్ నీళ్ళు లోపలికి వదిలి పంపుని కాపాడుతుంది.

నీరు చాలినంత అయ్యింది. అయినా పావుగంట తిరిగి మళ్ళీ అదే ఎడమ మూలకి వెళ్ళి కూర్చుంది.

తర్వాత అనుమానం బరువుల మీద. గొట్టం తేలుతుంది, తల మునుగుతుంది, మధ్యలో ఎక్కడో సమతౌల్యం ఉండాలి. తలకి దగ్గరగా గొట్టం మీద జరుపుకోగల ఒక బరువు ఉంటుంది. గొట్టం తల నుంచి దాదాపు 45 డిగ్రీల వాలుతో పైకి లేవాలి, రబ్బరు చక్రం నేలకి ఆనుకుని ఉండాలి. తక్కువ లోతులో చక్రం అంచు లేస్తుంటే బరువుని తల వైపు జరపాలి. లోతులో తల ముక్కు నేలకి గుచ్చుకుంటుంటే దూరం జరపాలి. ఈ పూల్ ఒక వైపు మూడున్నర అడుగులు, ఇంకో వైపు ఆరు. రెండు వైపులా ఒకేలా కుదరదు, మధ్యస్థంగా ఒప్పుకోవాలి. ఒక అరచేయి వెడల్పు తల వైపు జరిపితే తక్కువ లోతులో బాగా అతుక్కుంది. మూల సమస్య మాత్రం పోలేదు.

అప్పుడు మామ ఒక గుప్పెడు బోగన్‌విల్లా పూలు తెంపి నీళ్ళ మీద చల్లాడు. పూజ చేస్తున్నాడేమో అనుకున్నాను. పూలన్నీ మెల్లగా ప్రదక్షిణంగా తిరిగి ఎడమ మూలకే చేరాయి! మూడు ఇన్‌లెట్ల మూతులూ ఒకే వైపు, పైకి తిరిగి ఉన్నాయి. ఆ ధార నీటి మీద తేలే గొట్టాన్ని తోసుకుంటూ మూలకి తీసుకెళ్తోంది, గొట్టం తలని తీసుకెళ్తోంది. ఫ్లో విజువలైజేషన్ అని ల్యాబ్‌లో రంగు నీళ్ళతో మనకి చూపించింది మామ పూలతో చూపించాడు. ఇన్‌లెట్ లోపల కంటిగుడ్డులా తిరిగే ముక్క ఉంటుంది, రింగు వదులు చేసి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. మూడిట్నీ కిందికి వంచి, మధ్యదాన్ని ఎదురు వైపుకి తిప్పాం. మళ్ళీ పూలు చల్లితే ఈసారి ఒక చోటికి చేరకుండా చెదిరిపోయాయి. క్లీనర్ ఆ మూలకి వెళ్ళింది, రెండు నిమిషాలు తచ్చాడింది, బయటికొచ్చింది. శుక్రవారం పొద్దున 4 గంటలు నడిపితే మెట్ల దగ్గర తప్ప అడుగంతా తేటగా ఉంది.

మెట్ల దగ్గర తప్ప అన్నాను. ఈ యంత్రం చేయలేని పనులు చాలానే ఉన్నాయి. మెట్ల మీదికి పోదు. నీటి అంచున టైల్స్ మీద పేరుకునే జిడ్డు తీయదు. బోరు నీళ్ళ ఉప్పు పొర గీకదు. నాచు పట్టిన గోడని బ్రష్‌తో రుద్దాల్సిందే. సాండ్ ఫిల్టర్ కూడా మరీ సన్నటి దుమ్ముని పట్టలేదు, ఇన్‌లెట్ లోంచి మళ్ళీ పూల్‌లోకే వస్తుంది. ఇంకోటి, క్లీనర్ నడుస్తున్నంతసేపూ స్కిమ్మర్‌కి గుంజుడు తక్కువ కాబట్టి పైన తేలే ఆకులు అలాగే ఉంటాయి. అందుకని క్లీనర్ ఒక పూట, స్కిమ్మర్ ఒక పూట. వేపచెట్టు కింద పూల్ అయితే గొట్టం మధ్యలో ఆకులు పట్టే డబ్బా ఒకటి పెట్టుకోవాలి, లేకపోతే పంపు బుట్ట గంటకోసారి నిండుతుంది.

ఈ జాబితా మొదట చెప్పింది నేను కాదు. గురువారం మధ్యాహ్నం అన్నం తింటుండగా కుర్రాడు అడిగాడు: "అన్నా, ఇది మంచిగ నడిస్తే ఇగ నాకేం పనుంటది?" నేను ఏదో చెప్పబోతుంటే మామ అందుకుని "అడుగు అది తుడుస్తది, గోడలెవరు రుద్దాలె, క్లోరిన్ ఎవరు చూడాలె" అని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. కుర్రాడు తలూపాడు. కానీ క్లీనర్ సరిగ్గా నడవడం మొదలయ్యాక ఓనరు గారు వారానికి ఆరు రోజుల పనిని మూడు రోజులకి తగ్గించారు. మిగతా మూడు రోజులకి మామ ఇంకో పూల్ వెతుకుతున్నాడు, నేను ఇది రాసేనాటికి దొరకలేదు.

నిర్వహణ గురించి కొంచెం. క్లోరిన్ ఎక్కువ మోతాదులో వేసే రోజు క్లీనర్‌ని బయటికి తీసేయాలి, రబ్బరు పాడవుతుంది. టకటక చప్పుడు ఆగిపోతే పంపు ఆపి, తల తిప్పి గొంతులో చూడండి, తొంభై శాతం సార్లు చిన్న గులకరాయో బాదం ఆకు కాడో ఇరుక్కుని ఉంటుంది. డయాఫ్రమ్ మీద సున్నపు పొర కడితే కాసేపు పలచటి వెనిగర్‌లో నానబెట్టి కడగాలి. చక్రం కింది రబ్బరు అరిగితే గోడ ఎక్కడం మానేస్తుంది, అది మార్చుకునే భాగమే.

పంపు రూము తలుపు వెనక ఒక కాగితం అంటించి వచ్చాం. కుర్రాడి దస్తూరీనే: గొట్టం 11 ముక్కలు, నిటారుగా పెట్టాలి, చుట్టొద్దు. స్కిమ్మర్ పావు తెరవాలి. డ్రెయిన్ ముప్పావు మూయాలి, క్లీనర్ తీశాక మళ్ళీ పూర్తిగా తెరవాలి. బరువు తల నుంచి రెండు జానలు. నిమిషానికి 9 అడుగులు. గొట్టం తీయగానే వాక్యూమ్ పాయింట్ మూత పడిందో లేదో చేత్తో కాదు, కంటితో చూడాలి. గెస్టులు రావడానికి గంట ముందు క్లీనర్ బయట ఉండాలి.